తెల్ల సోల్జర్ల ఆగడాలు, అగచాట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

సికింద్రాబాద్‌లో తిరుమలగిరి వైపు ఎవరినైనా తీసుకెళ్లి, పాత మిలిటరీ జైలు బురుజులు దూరం నుంచి చూపించగానే అందరూ అడిగేది ఒకటే: "ఇందులో మనవాళ్లని పెట్టేవారా?" కాదండీ, తెల్ల సోల్జర్లని పెట్టేవారు అంటే నమ్మరు. ఇక అక్కణ్నుంచి ప్రశ్న మీద ప్రశ్న. లష్కర్‌లో పుట్టి పెరిగిన పాపానికి ఏళ్లుగా చెప్పిందే చెబుతున్నాను. ఒకచోట రాసి పడేస్తే నా గొంతుకి కాస్త విశ్రాంతి దొరుకుతుంది.

తెల్లవాళ్లంటే అందరూ దొరలే కదా? ఈ సోల్జర్లు వేరా?

వేరే. కలెక్టరు దొర, ఆఫీసరు దొర, కాఫీ తోట యజమాని దొర. సోల్జరు మాత్రం దొర కాదు. మనవాళ్లు సోజరు అనో, గోరా అనో అనేవారు. ఆ పిలుపులో భయం ఉంది గానీ మర్యాద లేదు. తెల్లవాళ్లు కూడా వాళ్లని తమలో కలుపుకోలేదు. ఆఫీసర్ల క్లబ్బు గడప తొక్కనిచ్చేవారు కాదు.

లండన్, గ్లాస్గో, డబ్లిన్ పేటల్లో పనీపాటా దొరక్క, రోజుకి ఒక షిల్లింగు జీతానికి పేరు రాయించుకున్న కుర్రాళ్లు వీళ్లు. ఆ షిల్లింగులోనూ తిండికింత, బట్టకింత అని కోతలే. 1830 ప్రాంతంలో బ్రిటిష్ సైన్యంలో పదిమందిని నిలబెడితే నలుగురు ఐర్లండ్ వాళ్లే. అంటే ఇంగ్లండు పాలన కింద తామే నలిగినవాళ్లు ఇక్కడికొచ్చి మనల్ని నలిపారన్నమాట.

1857కి ముందు దేశం మొత్తమ్మీద వీళ్లు సుమారు 40 వేలు. మన సిపాయిలు 2 లక్షల పైచిలుకు. తిరుగుబాటు తర్వాత సిపాయిల మీద నమ్మకం పోయి తెల్ల పటాలాలని పెంచారు. బెంగాల్లో ఇద్దరు సిపాయిలకి ఒక తెల్లవాడు, మద్రాసు, బొంబాయిల్లో ముగ్గురికి ఒకడు ఉండాలని లెక్క పెట్టుకున్నారు.

మరి ఆ జైలు దేనికి? ఏం చేస్తే అందులో వేసేవారు?

సికింద్రాబాద్ కంటోన్మెంటు 1806లో మూడో నిజాం సికిందర్ జా పేరు మీద వెలిసింది. హైదరాబాద్ వాళ్లకి అది 'లష్కర్', అంటే పటాలం ఊరు. ఈ జైలు కట్టింది 1858లో. బురుజులు, కోట గోడల తీరు చూసి ఇంగ్లండు రాణిగారి విండ్సర్ కోటలా ఉందని చెప్పుకునేవారు. రాణిగారి కోట పోలికతో రాణిగారి సోల్జర్లకే జైలు!

తాగి పరేడుకి రావడం, కాపలా మీద నిద్రపోవడం, సార్జెంటు మీద చెయ్యి చేసుకోవడం, చెప్పకుండా ఊళ్లోకి పోవడం లాంటివి సోల్జర్ని శిక్ష దాకా తెచ్చిన నేరాలు. అన్నిటికంటే నవ్వొచ్చేది సర్కారు సామాను అమ్ముకోవడం. జీతం అయిపోయాక బజార్లో బూట్లు తాకట్టు, తర్వాత దుప్పటి, తర్వాత చొక్కా. తనిఖీ రోజున పక్కవాడి చొక్కా తొడుక్కుని నిలబడేవాడు. తనిఖీ ఆ వరస దాటగానే అదే చొక్కా వెనకనుంచి ఇంకొకడికి చేరేది. ఒక్క చొక్కా ఎన్ని ఒంట్లు మారినా, ఎక్కడో ఒకచోట కెప్టెను కన్ను పడేది.

ఈ నేరాల్లో ఒకటి గమనించండి. ఇవన్నీ సైన్యానికి జరిగిన నష్టాలే. ఊరివాడి ఒంటికి జరిగిన నష్టం ఎక్కడికి పోయిందో కింద చెబుతాను.

నిజంగా అంత తాగేవారా, లేక కథలా?

నిజంగానే. తాగించింది కూడా సైన్యమే. 19వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో సారా అంటే రేషను. బియ్యం కొలిచినట్టు కొలిచి రోజూ ఇంతని పోసేవారు. పొద్దున్నే పరగడుపున ఒక డోసు పట్టించడం కూడా ఆనవాయితీ. ఒంటికి మంచిదనే నమ్మకం! అది చాలక క్యాంటీన్లో కొనుక్కోవచ్చు. క్యాంటీన్ మూసేశాక బజారు సారా ఉండనే ఉంది. ఆ బజారు సరుకులో మత్తు ఎక్కాలని ఉమ్మెత్త గింజలో, గంజాయో కలిపేవారు. దెబ్బకి మనిషి రెండు రోజులు సోయి లేకుండా పడి ఉండటం, ఒక్కోసారి లేవకపోవడం మామూలే. మన కల్లు మాత్రం చవక. చెట్టు కిందికి పోతే చాలు. అందుకే కంటోన్మెంటు చుట్టూ కల్లు, సారా కొట్లు ఎంత దూరంలో ఉండాలన్నది అధికారులకి ఎప్పుడూ తలనొప్పే.

మాన్పించే ప్రయత్నాలు ఆలస్యంగా మొదలయ్యాయి. 1862లో ఆగ్రాలో గ్రెగ్సన్ అనే పాదిరి సోల్జర్లతో తాగుడు మానిపించే సంఘం పెట్టాడు. మద్రాసు సైన్యాధిపతిగా పనిచేసి, తర్వాత దేశం మొత్తానికి సేనాధిపతి అయిన రాబర్ట్స్ 1888లో అలాంటి సంఘాలన్నిటినీ కలిపి సైన్యం తరఫునే ఒక సంస్థగా నిలబెట్టాడు. కాఫీ, పత్రికలు, బిలియర్డ్సు పెట్టి కుర్రాళ్లని సారా కొట్టుకి దూరంగా లాగాలన్నది ఆలోచన. ఇంకోపక్క సారా తగ్గించి బీరు అలవాటు చేశారు. 1860లో (ఇప్పటి పాకిస్తాన్‌లోని) ముర్రీ కొండల్లో పుట్టిన బీరు కంపెనీకి మంచి గిరాకీ పటాలాలదే.

తాగుడు వల్ల యుద్ధాలే తారుమారయ్యాయంటారు, నిజమేనా?

తారుమారు కాలేదు గానీ ఢిల్లీలో కొంచెంలో తప్పింది. 1857 సెప్టెంబర్ 14న నగరం గోడ బద్దలుకొట్టి లోపలికి దూరిన సోల్జర్లకి మొదట దొరికినవి మందు దుకాణాలు. అంతే, తర్వాతి ఒకటి రెండు రోజులు దాడి ముందుకి సాగలేదు. పటాలాలకి పటాలాలు సీసాల దగ్గరే కూర్చున్నాయి. జనరల్ విల్సన్ చివరికి సీసాలన్నీ పగలగొట్టించాడు. మురిక్కాలవల్లో బ్రాందీ పారింది. ఆ పూట ఎదుటి పక్షం గట్టిగా విరుచుకుపడి ఉంటే ఏమయ్యేదో అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారు.

అంతకు ముందు 1799 మే 4 రాత్రి శ్రీరంగపట్నం. టిప్పు సుల్తాను పడిపోయాడు, ఊరంతా దోపిడీ. నిజాం సైన్యం కూడా బ్రిటిష్ వాళ్ల పక్కనే ఉందని మర్చిపోవద్దు. మర్నాడు బ్రిటిష్ ఆఫీసరు ఆర్థర్ వెల్లెస్లీ నలుగుర్ని ఉరి తీయించి, మరికొందర్ని కొరడాలతో కొట్టిస్తే గానీ ఊరు సద్దుమణగలేదు. ఆ రాత్రి ఒక సోల్జరు చేతికి వజ్రాలు పొదిగిన కడియాలు దొరికాయి. అవేమిటో తెలియక పటాలం డాక్టరుకి కారుచౌకగా అమ్మేశాడు. అవి రాజుల సొత్తు, లక్షల సరుకు అని తర్వాత తేలింది. డాక్టరు పంట పండింది. సోల్జరు చేతికొచ్చిన డబ్బు ఎన్నాళ్లు నిలిచి ఉంటుందో మీరే ఊహించుకోండి.

యుద్ధం లేని రోజుల్లో ఏం చేసేవారు?

ఏమీ చేసేవారు కాదు. గొడవంతా అక్కడే. ఎండాకాలం పొద్దున్న ఎనిమిది దాటాక సాయంత్రం దాకా బారక్ దాటి బయటికి రాకూడదని ఆంక్ష. వందలమంది కుర్రాళ్లు ఒక కప్పు కింద, నులకమంచాల మీద, చెమటలో.

పని చేద్దామన్నా మిగల్లేదు. అన్నిటికీ మనవాళ్లే. తెల్లవారకముందే లాంతరు పట్టుకుని మంగలి బారక్‌లోకి వచ్చేవాడు. మంచం మంచానికీ ఆగి, నిద్రలో ఉన్నవాణ్ని లేపకుండానే గడ్డం గీసి పక్క మంచానికి పోయేవాడు. సోల్జరు లేచేసరికి నున్నగా ఉండేవాడు. ఆ దృశ్యం తల్చుకుంటే నాకు ఎప్పుడూ ఒకటే ఆలోచన: అంతమంది శత్రు సైనికుల పీకల మీద కత్తి పెట్టి, నెలకి కొన్ని అణాలకి ఒక్క గాటు పడకుండా గీసినవాడి ఓపిక! వాడి వెనక టీ కేకేసేవాడు, తోలు తిత్తితో నీళ్లు పోసే భిస్తీ, బట్టలకి చాకలి, బూట్ల పాలిష్‌కి ఇంకొకడు.

ఇక మిగిలింది పేకాట, చిలకలకి బూతులు నేర్పడం, ముంగిసకీ పాముకీ పందెం, ఎండకి పిచ్చెక్కి తిట్టుకోవడం. తుపాకులు చేతికందేలా ఉండటంతో బారక్ గొడవలు కొన్ని హత్యల దాకా పోయాయి. అలాంటివాణ్ని మొత్తం పటాలం ముందు నిలబెట్టి శిక్ష అమలుచేసేవారు.

సైన్యంలో డబ్బు పెట్టి ఆడటానికి అనుమతి ఉన్న ఆట ఒక్కటే, 'హౌస్'. ఒకడు అంకెలు పిలుస్తుంటే మిగతావాళ్లు చీటీలో కొట్టేసుకోవడం. గుర్తొచ్చిందా? సికింద్రాబాద్ క్లబ్బుల్లో, పెళ్లి ముందు రోజు మన చుట్టాలు ఆడే తంబోలా అదే.

పంకా లాగేవాళ్లని తన్ని చంపేవారని విన్నాను. శిక్షలు పడలేదా?

విన్నది నిజమే. కరెంటు లేని రోజులు. కప్పుకి వేలాడే పెద్ద గుడ్డ పంకాకి కట్టిన తాడుని రాత్రంతా వరండాలో కూర్చుని లాగే కూలీ కునుకు తీస్తే పంకా ఆగుతుంది, లోపలున్నవాడికి మెలకువ వస్తుంది, బూటు విసురుతాడు లేదా లేచొచ్చి డొక్కలో తంతాడు. కూలీ చనిపోతాడు. కోర్టులో డాక్టరు సాక్ష్యం చెబుతాడు: ప్లీహం చితికి చనిపోయాడు, మలేరియా వల్ల అది ముందే వాచి ఉంది, గట్టిగా తగలకపోయినా పగిలేదే.

మన పల్లెల్లో కడుపులో 'బల్ల' పెరగడం అంటారే, అదే ఇది. జ్వరాల ప్రాంతంలో బల్ల లేనివాడు అరుదు కాబట్టి డాక్టరు చెప్పింది పూర్తిగా అబద్ధమనీ అనలేం. కానీ ఆ వాదనతో హత్య కాస్తా చెయ్యి చేసుకోవడంగా మారిపోయేది, శిక్ష జరిమానాగా. ఈ కేసులు ఎంత మామూలైపోయాయంటే ఒకే నమూనాలో వాదనలు నడిచేవి.

పైగా తెల్లవాణ్ని విచారించే పద్ధతే వేరు. పెద్ద నేరమైతే మద్రాసు, కలకత్తా, బొంబాయి లాంటి చోట్ల హైకోర్టుకి పోవాలి. 1883లో ఇల్బర్ట్ బిల్లు పేరుతో భారతీయ జడ్జీలకీ వాళ్లని విచారించే అధికారం ఇద్దామంటే తెల్లవాళ్లు దేశమంతా గోల చేశారు. 1884లో రాజీ కుదిరింది: జడ్జి ఎవరైనా సరే, జ్యూరీలో కనీసం సగంమంది తెల్లవాళ్లే కావాలని ముద్దాయి కోరుకోవచ్చు. ఆ రాజీ విలువేమిటో పదేళ్లు తిరక్కుండా గుంతకల్లులో తెలిసింది.

గుంతకల్లులో ఏం జరిగింది?

ఈ పేజీలో ఒక్కటే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

గుంతకల్లు రైలు జంక్షన్. పటాలాలు ఒక కంటోన్మెంటు నుంచి ఇంకోదానికి మారేటప్పుడు ఆ దారిన పోయేవి. 1893 అక్టోబర్‌లో అలా వచ్చిన సోల్జర్లు కొందరు స్టేషను పరిసరాల్లో తిరుగుతూ, దారిన పోతున్న ఇద్దరు ఆడవాళ్ల వెంటపడ్డారు. ఆ ఇద్దరూ పరిగెత్తి రైల్వే గేటు దగ్గరున్న గదిలో దూరారు. గేటు కాపలా మనిషి హంపన్న. రైలొస్తే గేటు వెయ్యడం, పోయాక తియ్యడం అతని పని. వాళ్లని లోపల ఉంచి అడ్డం నిలబడ్డాడు. సోల్జరు తుపాకి పేల్చాడు. హంపన్న చనిపోయాడు, ఆడవాళ్లు దక్కారు.

కేసు మద్రాసు హైకోర్టుకి వెళ్లింది. ముద్దాయి సోల్జర్ని జ్యూరీ నిర్దోషి అని వదిలేసింది.

అక్కడితో ముగిసిపోవాల్సిందే, చాలా కేసులు అలాగే ముగిశాయి. కానీ గుత్తిలో కేశవపిళ్లె ఉన్నాడు. వకీలు, పత్రికలకి రాసేవాడు, తర్వాత రాయలసీమ రాజకీయాల్లో పెద్ద మనిషి అయ్యాడు. ఆయన దీన్ని వదల్లేదు. పత్రికలకెక్కించాడు, జనాన్ని కదిలించాడు, హంపన్న పేరుతో స్మారకం కట్టడానికి చందాలు పోగయ్యాయి. అది గుంతకల్లులో ఉంది. అటు పోయేవాళ్లలో చాలామంది రైలు మారడానికే దిగుతారు. రెండు రైళ్లకీ మధ్య గంట తీరిక ఉంటే ఆటో మాట్లాడుకుని చూసి రండి.

ఒక్క సోల్జర్నీ శిక్షించలేదంటారా?

అలా అనను. ఇద్దరు ముగ్గురు వైస్రాయిలకి ఈ సిగ్గు తగిలింది. వాళ్లలో మొండివాడు కర్జన్. బెంగాల్ విభజించినవాడే, ఈ ఒక్క విషయంలో మాత్రం సొంతవాళ్లతో గట్టిగా కొట్లాడాడు.

1899లో రంగూన్‌లో వెస్ట్ కెంట్ పటాలం సోల్జర్లు పట్టపగలు ఒక బర్మా స్త్రీ మీద సామూహిక అత్యాచారం చేశారు. కేసు నిలవలేదు, పైవాళ్లు కప్పిపుచ్చారు. కర్జన్ పటాలం మొత్తాన్ని అరేబియా తీరంలోని ఏడెన్‌కి పంపించాడు. రెండేళ్లు ఆ రాళ్లలో, సెలవుల్లేకుండా.

1902 ఏప్రిల్‌లో సియాల్‌కోట. 9వ లాన్సర్స్ పటాలం కొత్తగా దిగింది. ఆ రాత్రి తాగిన సోల్జర్లు ఆటూ అనే వంటవాణ్ని ఒక ఆడమనిషిని తెచ్చిపెట్టమన్నారు, అతను కాదన్నాడు. చచ్చేలా కొట్టారు. ఆస్పత్రిలో ప్రాణం పోయింది. పటాలం తనే విచారణ జరుపుకుని ఎవరు కొట్టారో తెలియలేదని తేల్చేసింది. కర్జన్ ఊరుకోకుండా మొత్తం పటాలానికి సెలవులు రద్దు చేయించాడు. ఆఫీసర్లంతా లండన్‌లో పలుకుబడి ఉన్న కుటుంబాల వాళ్లు, అక్కడ గోలెత్తిపోయింది.

1903 జనవరిలో ఢిల్లీ దర్బారు. పటాలాలు వరసగా కదులుతున్నాయి. 9వ లాన్సర్స్ రాగానే చూడ్డానికొచ్చిన తెల్ల దొరలూ దొరసానులూ లేచి జేజేలు కొట్టారు, కర్జన్ చూస్తుండగానే. ఆ చప్పట్లు ఎవరి కోసమో అక్కడున్న అందరికీ తెలుసు.

ఆడవాళ్ల విషయంలో సైన్యం ఏం చేసింది?

పెళ్లి దగ్గర మొదలెట్టాలి. వంద మందిలో ఏ పదిమందికో, అంతకంటే తక్కువమందికో మాత్రమే భార్యని వెంట ఉంచుకునే అనుమతి. మిగతావాళ్ల కోసం సైన్యమే ఏర్పాటు చేసింది. పటాలం బజారు పక్కన లాల్ బజారు. అక్కడి ఆడవాళ్ల పేర్లు రిజిస్టర్లో. వారానికోసారో, రెండుసార్లో బలవంతపు వైద్య పరీక్ష. జబ్బు కనిపిస్తే తాళం వేసిన ఆస్పత్రిలో నిర్బంధం. 1864 కంటోన్మెంటు చట్టం దీనికి దారి వేసింది, 1868 చట్టం ఊళ్లకీ పాకించింది. పరీక్ష ఆడవాళ్లకే, సోల్జర్లకి లేదు.

1886లో పై ఆఫీసు నుంచి పటాలాలకి ఒక సర్క్యులర్ వెళ్లింది: సరిపడా ఆడవాళ్లుండాలి, వాళ్లు చూడ్డానికి బాగుండాలి, వాళ్లకి తగిన ఇళ్లుండాలి. గుర్రాలకి గడ్డి సరఫరా మీద రాసిన కాగితంలా ఉంటుంది. అది బయటపడేసరికి ఇంగ్లండులో దుమారం రేగి, 1888లో పార్లమెంటు ఈ పద్ధతి ఎత్తేయాలని తీర్మానించింది. ఎత్తేశాం అని రాసుకుని లోపల నడిపిస్తూనే ఉన్నారని 1892లో కంటోన్మెంట్లు తిరిగి చూసిన ఇద్దరు అమెరికన్ స్త్రీలు, ఎలిజబెత్ ఆండ్రూ, కేథరిన్ బుష్నెల్, సాక్ష్యాలతో నిరూపించారు.

కొరడా దెబ్బలు మనవాళ్లకేనా?

తమాషా ఏమిటంటే 1835 నుంచి 1845 దాకా దీనికి తలకిందులు. గవర్నర్ జనరల్ బెంటింక్ 1835లో సిపాయిలకి కొరడా శిక్ష ఎత్తేశాడు, తెల్ల సోల్జర్లకి మాత్రం కొనసాగింది. పక్కపక్కనే నిలబడ్డ రెండు పటాలాల్లో ఒకే తప్పుకి తెల్లవాడి వీపు చిట్లేది, నల్లవాడిది కాదు. 1845లో సిపాయిలకీ తిరిగి తెచ్చారు. బ్రిటిష్ సైన్యంలో పూర్తిగా పోయింది 1881లో.

మన బందరులో తెల్లవాళ్లే తిరగబడ్డారట?

అవును, అదీ విందు బల్ల దగ్గర. తిరగబడింది ఆఫీసర్లు కాబట్టి ఈ పేజీకి కొంచెం పక్కదారి. అయినా బందరు కథ వదలబుద్ధి కాలేదు.

1808లో మద్రాసు గవర్నరు జార్జ్ బార్లో ఖర్చు తగ్గింపు పేరుతో ఆఫీసర్లకి గుడారాల కాంట్రాక్టు మీద వచ్చే పైడబ్బు ఆపేశాడు. మద్రాసు సైన్యమంతా లోలోపల ఉడికిపోతోంది. 1809 మే నెలలో బందరు కోటలోని మద్రాసు యూరోపియన్ పటాలానికి కర్నల్ ఇన్నెస్ కొత్తగా వచ్చాడు. స్వాగత విందులో కుర్ర ఆఫీసర్లు గ్లాసులెత్తి 'సైన్యం మిత్రులకి' అన్నారు. అంటే గవర్నరుకి ఎదురుతిరిగినవాళ్లకి అని. ఇన్నెస్ మాట మార్చమన్నాడు, వాళ్లు వినలేదు, ఆయన లేచిపోయి మద్రాసుకి ఫిర్యాదు రాశాడు. పటాలంలో కొందర్ని ఓడల మీద డ్యూటీకి పంపమని జూన్‌లో ఆజ్ఞ వచ్చింది. పటాలాన్ని ముక్కలు చేస్తున్నారని పుకారు లేచింది. ఆఫీసర్లు తమ కర్నల్నే ఇంట్లో నిర్బంధించి కోట చేతిలోకి తీసుకున్నారు. నచ్చజెప్పడానికి కంపెనీ అధికారి జాన్ మాల్కమ్‌ని మద్రాసు నుంచి పంపాల్సి వచ్చింది. ఈలోగా గొడవ హైదరాబాద్‌కీ, శ్రీరంగపట్నానికీ పాకింది. శ్రీరంగపట్నం దగ్గర కాల్పుల్లో చచ్చిపోయినవాళ్లు ఎవరు? ఆఫీసర్ల వెంట నడిచిన సిపాయిలు.

మూడేళ్ల కిందట, 1806లో, వేలూరులో సిపాయిలు తిరగబడితే కొందర్ని ఫిరంగి నోటికి కట్టి పేల్చారు. బందరు ఆఫీసర్ల గొడవలో కొందరి ఉద్యోగాలు ఊడాయి.

సోల్జర్లు కూడా తిరగబడ్డారా?

రెండుసార్లు గట్టిగా. 1858లో కంపెనీ పాలన పోయి రాణి పాలన రాగానే కంపెనీ తెల్ల పటాలాలని రాణి సైన్యంలో కలిపేశారు. 'మేం సంతకం పెట్టింది కంపెనీకి. గుర్రాల్లా, ఫిరంగుల్లా మమ్మల్ని ఇంకొకరికి అప్పగిస్తారా? మళ్లీ చేరాలంటే మళ్లీ బహుమానం ఇవ్వండి' అని మీరట్, బెంగాల్లోని బరంపూర్‌లలో భీష్మించారు. న్యాయం వాళ్ల పక్షానే ఉందని నా అభిప్రాయం. చివరికి కావాలంటే ఇంటికి పొమ్మన్నారు. సుమారు 10 వేలమంది ఓడెక్కేశారు.

రెండోది 1920 జూన్ 28, జలంధర్. కన్నాట్ రేంజర్స్ అనే ఐరిష్ పటాలం, ఐర్లండ్‌లో తమ ఊళ్ల మీద బ్రిటిష్ బలగాలు చేస్తున్న అఘాయిత్యాలు తెలిసి తుపాకులు దింపేసింది. అది సిమ్లా కొండల వైపు సోలన్‌కి పాకింది. నవంబర్ 2న దగ్‌షాయీ జైల్లో 20 ఏళ్ల జేమ్స్ డాలీని కాల్చి చంపారు. తిరుగుబాటు నేరానికి బ్రిటిష్ సైన్యం చంపిన చివరి సోల్జరు అతనే.

పారిపోయినవాళ్లుండేవారా?

బోలెడు. జార్జ్ థామస్ అనే ఐరిష్ నావికుడు 1781 ప్రాంతంలో మద్రాసులో ఓడ దిగి మాయమై, దక్షిణాన పాళెగాళ్ల దగ్గర పనిచేసి, ఉత్తరానికి పోయి సర్ధానా పాలకురాలు బేగం సమ్రూ కొలువులో పెరిగి, హర్యానాలోని హాన్సీ కోటలో తనే రాజయ్యాడు. సొంత నాణేలు, సొంత ఫిరంగులు. జనం జహాజీ సాహెబ్ అన్నారు. 1801లో ఓడిపోయి, 1802లో ఇంటిదారిలో బరంపూర్‌లో పోయాడు. మందు ఆయన్ని ఎన్నడూ వదల్లేదు.

నాకు ఇంకా ఇష్టమైనవాడు జేమ్స్ లూయిస్. 1827లో ఆగ్రా ఫిరంగి దళం నుంచి పారిపోయి, చార్లెస్ మాసన్ అని పేరు మార్చుకుని, అమెరికావాణ్నని చెప్పుకుంటూ పంజాబ్, ఆఫ్ఘనిస్తాన్ కాలినడకన తిరిగాడు. హరప్పా దిబ్బల్ని చూసి మొదట వర్ణించి రాసింది ఈ పారిపోయిన సోల్జరే. అవి అలెగ్జాండరు నాటివని పొరబడ్డాడనుకోండి. కాబూల్ దగ్గరి బేగ్రామ్‌లో వేల నాణేలు పోగేశాడు. సర్కారుకి అసలు సంగతి తెలిసిపోయి, క్షమాభిక్ష పేరుతో గూఢచారిని చేసి వాడుకుంది.

యుద్ధాల్లో చచ్చినవాళ్లు ఎక్కువా, జబ్బులతోనా?

జబ్బులతో, ఎంతో తేడాతో. 1863లో రాయల్ కమిషన్ లెక్క తీస్తే ఏటా వెయ్యిమందికి 69 మంది పోతున్నారు. జ్వరం, విరేచనాలు, కలరా, తాగుడుకి తోడు కాలేయం. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది మన బేగంపేటలోనే.

వాళ్ల మాటలు ఏమైనా మిగిలాయా?

మన మాటలే వాళ్ల దగ్గర మిగిలాయి. 'విలాయతీ' వాళ్ల నోట్లో 'బ్లైటీ' అయింది, 'ఖుషీ' 'కుషీ' అయింది, 'దేఖో' 'డెక్కో' అయింది. మంచి నడవడికకి ఇచ్చే పతకాన్ని 'రూటీ గాంగ్' అనేవారు, అంటే రొట్టె పతకం: రొట్టె తింటూ ఇన్నేళ్లు గడిపినందుకు! నాసిక్ దగ్గర దేవలాలీ క్యాంపులో గడువు తీరినవాళ్లు ఓడ కోసం నెలల తరబడి పడిగాపులు పడేవారు. ఓడలు చలికాలంలోనే నడిచేవి. ఆ కాలపు ఆఖరి ఓడ తప్పితే మళ్లీ చలికాలం దాకా ఆగాలి. ఆ ఎండలో ఖాళీగా కూర్చుని మతి చెడినవాణ్ని 'డూలాలీ' అనేవారు. ఇంగ్లండులో ఇప్పటికీ పిచ్చెక్కినవాణ్ని అదే మాటంటారు, దేవలాలీ ఎక్కడుందో తెలియకుండానే.

మా ముత్తాత సోల్జరు అని ఇంట్లో అంటారు. వివరాలు దొరుకుతాయా?

లాలాగూడ, కాజీపేట, గుంతకల్లు రైల్వే కాలనీల ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఇది తరచూ అడుగుతుంటాయి. గడువు తీరాక ఇక్కడే ఉండిపోయి రైల్వేలో, పోలీసులో చేరిన సోల్జర్లు చాలామంది. దొరికే అవకాశం ఎక్కువే. కంపెనీ సోల్జర్ల మస్టర్ రోళ్లు, పెళ్లి, బాప్తిస్మం, ఖననం రిజిస్టర్ల నకళ్లు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. పేరు, పటాలం నంబరు తెలిస్తే ఏ ఓడలో వచ్చాడో కూడా తేలొచ్చు.

"మా ముత్తాత బారక్‌లో మంగలి", "మావాళ్లు పటాలానికి భిస్తీలు" అని అడిగేవాళ్లూ వస్తారు. వాళ్లకి ఆ మస్టర్లలో పేరు కనపడటం అరుదు. కాంట్రాక్టరు లెక్కల్లో 'మంగలి ఒకడు, పంకా కూలీలు ఇంతమంది' అని అంకె ఉంటుంది. కోర్టు కాగితాలు, విచారణ కాగితాలు వెతకండి అంటాను. ఆటూ పేరు, హంపన్న పేరు మనకి తెలిసింది అక్కణ్నుంచే.